పిల్లలకు ఇంకొక పరీక్ష

మొన్నీమధ్య మా కాలేజీలో ఒక సమావేశం జరిగింది. సమావేశమంటే పూలదండలూ, మైకులూ, వందన సమర్పణలూ ఉన్నది కాదు. స్టాఫ్‌రూములో నాలుగు బల్లలు దగ్గరికి జరిపి, లెక్చరర్లం ఒకవైపు, కబురందుకుని వచ్చిన తలిదండ్రులు ఒకవైపు కూర్చున్నాం. అంతే. కల్హేర్ చుట్టుపట్ల పల్లెలనుంచి వచ్చిన రైతులు, ఇద్దరు ముగ్గురు దుకాణదారులు, ఒక బస్సు కండక్టరు, ఒక అంగన్‌వాడీ టీచరమ్మ. మాట్లాడవలసిన విషయం ఒక్కటే: పిల్లలు చేజారిపోతున్నారు, ఏం చేద్దాం?

కారణం లేకపోలేదు. అంతకు వారం రోజుల ముందు కాలేజీ గోడ వెనుక వేపచెట్టు కింద చిన్న పొట్లం ఒకటి దొరికింది. విప్పి చూస్తే గంజాయి. ఎవరిదో తెలియలేదు. ఎవరిదో తెలిస్తే ఒక్కడిమీద కోపం వస్తుంది. తెలియకపోతే అందరిమీదా అనుమానం వస్తుంది. మాకు ఆ రెండోదే వచ్చింది.

మాలో ఒకాయన లేచి, "ఇదేమంత బ్రహ్మవిద్య కాదండీ. పరీక్ష చేసే కిట్లు దొరుకుతున్నాయి. మూత్రం నాలుగు చుక్కలు వేస్తే ఐదు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. పిల్లలందరికీ ఒకేరోజు చేయించి పారేద్దాం. తప్పు చేయనివాడికి భయమెందుకు?" అన్నాడు.

తలిదండ్రులలో నలుగురైదుగురు గట్టిగా వంతపాడారు. "మంచిగ జెప్పిన్రు సారూ! మా పోరనితోనే షురూ జెయ్యుండ్రి. దొరికిండంటే నేనే తోలు దీస్త" అన్నాడొకాయన. "ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు ప్రిన్సిపాలుగారు. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను.

ఆ ఎత్తిన చేతిని గురించే ఈ వారం పాఠకులతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉన్నది.

ఆ సాయంత్రం క్లాసులు వదిలిన తరువాత ఒక అమ్మాయి వరండాలో నిలబడి ఉన్నది. ఛందస్సు చెప్పేటప్పుడు ఉత్పలమాలకు గణాలు తడుముకోకుండా అప్పజెప్పే పిల్ల. అందరూ వెళ్లిందాకా ఆగి, "సార్, ఆ పరీక్షల మనం మింగే మాత్రలు గూడ తెలుస్తయా?" అని అడిగింది.

"ఏం మాత్రలమ్మా?"

కాసేపు నేల చూసింది. తొమ్మిదో యేటినుంచీ తనకు మూర్ఛ ఉన్నదట. రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటుందట. మూడేళ్లుగా ఒక్కసారీ రాలేదట. ఇంట్లోవాళ్లకూ, బీదరులో చూసే డాక్టరుకూ తప్ప ఈ సంగతి మూడో మనిషికి తెలియదు. "అమ్మ ఎవ్వరికీ చెప్పొద్దన్నది సార్. రేపు సంబంధాలు రావంటది. ఆ జాబితాల నా పేరు రాకుంట చూస్తరా?" అన్నది.

(ఆ పిల్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఎవరో పోల్చుకోవడానికి వీలు లేకుండా ఒకటి రెండు గుర్తులు మార్చాను.)

నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ని. మందుల సంగతి నాకేం తెలుసు? తెలిసిన డాక్టరుగారి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాను. మూర్ఛకు ఇచ్చే మందుల్లో కొన్ని బెంజోడయజిపైన్ అనే జాతికి చెందినవి. మత్తుకోసం దుర్వినియోగం చేసే ఆల్ప్రాజోలం కూడా ఆ జాతిదే. కిట్టు సాధారణంగా జాతిని పడుతుంది గాని, డాక్టరు రాసిన చీటీని చదవదు. ఇక ఆ పిల్ల పేరు ఎదుట "ఉన్నది" అని పడిందంటే రెండే దారులు. మత్తుమందు తిన్నదన్న నింద మోయాలి. లేదా ఇన్నేళ్లు దాచుకున్న జబ్బును పదిమందిలో చెప్పుకోవాలి. 1999 దాకా హిందూ వివాహ చట్టంలో మూర్ఛ వివాహానికి ఒక అడ్డంకిగా ఉండేది. ఆ యేడు పార్లమెంటు దాన్ని తీసివేసింది. చట్టం తీసివేసిందే గాని, మన సంబంధాల బేరాలలోంచి అది ఇంకా పోలేదన్న సంగతి ఆడపిల్లల తల్లులకు చెప్పనక్కరలేదు.

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" అన్నాడు మా మిత్రుడు. తప్పు చేయని పిల్ల భయపడుతూ నా ముందు నిలబడి ఉన్నది. ఆ ప్రశ్నకు జవాబు ఇంతకన్నా ఏం కావాలి?

డాక్టరుగారు ఇంకా కొన్ని సంగతులు చెప్పారు. అవి మన వంటిళ్లకు సంబంధించినవి కూడా. గసగసాలు నల్లమందు మొక్క విత్తులే. వాటిని దండిగా నూరి పోసిన కూర తిన్నవాడికి ఒక్కొక్కప్పుడు నల్లమందు జాతి కనిపించవచ్చు. కోడీన్ కలిసిన దగ్గుమందు తాగినవాడికీ అంతే. అసలు ఆ కిట్టు చదవడమే తలకిందుల వ్యవహారం. గీత కనబడితే మందు లేదని అర్థం, కనబడకపోతే ఉన్నదని అర్థం. సన్నగా మసకగా కనబడినా లేదనే చెప్పుకోవాలి. తెలియని చేతుల్లో దాన్ని పెడితే పిల్లవాడి బతుకు ఆ గీత వెంట ఎటు పోతుందో ఊహించండి. కిట్టు చెప్పింది అనుమానం మాత్రమే. నిజం తేలాలంటే పెద్ద ప్రయోగశాలలో గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పద్ధతిలో మళ్లీ పరీక్ష చేయాలి. ఈలోపల ఊరు తీర్పు చెప్పేస్తుంది.

ఇక మా ప్రాంతపు సంగతి వేరే చెప్పాలి. ఇక్కడ పెళ్లికీ పండుగకూ కల్లు లేనిది దావత్ కాదు. తాత తాను తాగుతూ మనుమడికి అరగ్లాసు పోయడం ముద్దు కింద లెక్క. చెట్టు కల్లు అయితే ఒక తీరు. కాని మా మెదక్, సంగారెడ్డి ప్రాంతాలలో కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం కలుపుతున్నారన్నది ఏనాటినుంచో ఉన్న గోడు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి ప్రాణాలే పోయాయి. సరే, దసరా మరునాడు కాలేజీలో పరీక్ష పెట్టామనుకోండి. తాత పోసిన అరగ్లాసు మనుమడి మూత్రంలో ఆల్ప్రాజోలమై కనిపిస్తుంది. శిక్ష ఎవరికి? కలిపినవాడికా, అమ్మినవాడికా, పోసిన తాతకా? కాలేజీ చేతికి చిక్కేది మాత్రం మనుమడే.

ఇంకొక విచిత్రం. 2019లో ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ వారు దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు వెలువడ్డాయి. పెద్దలకన్నా పిల్లలలో ఎక్కువగా కనిపించిన మత్తు ఒక్కటే: వాసన పీల్చే మత్తు. వైట్‌నరు, జిగురు వంటివి. పెద్దలలో నూటికి 0.58 మంది దాన్ని వాడుతుంటే, పిల్లలలో 1.17 మంది. సుమారు 4 లక్షల 60 వేలమంది పిల్లలకు ఈ ఒక్క అలవాటునుంచి బయటపడడానికి సాయం కావాలని ఆ నివేదిక అంచనా వేసింది. మామూలు మూత్రపు కిట్టు పట్టలేనివాటిలో ఇదీ ఒకటి! గంజాయి ఆనవాలు మాత్రం రోజుల తరబడి, అలవాటుపడినవాడిలో వారాల తరబడి నిలుస్తుంది. అంటే ఏమిటన్నమాట? పరీక్ష ఉన్నదని తెలిసిన కుర్రవాడు దొరికిపోయే మత్తు మాని, దొరకని మత్తుకు పోవచ్చు. దొరకనిది తక్కువ హానికరమని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ప్రమాదం లేదని నేననడం లేదు. మా నారాయణఖేడ్ ప్రాంతంలో పత్తి చేలల్లో, కంది చేలల్లో సందున గంజాయి మొక్కలు పట్టుబడిన వార్తలు మీరూ చదివే ఉంటారు. 2017 జూలైలో హైదరాబాదులో ఎక్సైజు శాఖవారు ఎల్.ఎస్.డి. వంటి మత్తుపదార్థాలు అమ్మే ముఠాను పట్టుకున్నప్పుడు, కొన్నవాళ్లలో బడిపిల్లలు కూడా ఉన్నారని అధికారులే చెప్పారు. రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. తరువాత కొద్దిరోజులకే పత్రికలు సినిమావాళ్ల పేర్ల వెంటపడి, బడిపిల్లల సంగతి మరచిపోయాయి.

అయితే ఆ కేసులోనే మన విషయానికి పనికివచ్చే ఘట్టం ఒకటి జరిగింది. విచారణకు పిలిచినవారి రక్తం, వెంట్రుకలు, గోళ్లు పరీక్షకు తీసుకుంటున్నారు. ఒక సినీ నటి హైకోర్టుకు వెళ్లారు. ఆమె ఒప్పుకోకుండా నమూనాలు తీసుకోరాదని హైకోర్టు చెప్పింది. సరిగ్గా నెల తిరిగేసరికి, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు, కర్ణాటకకు చెందిన విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆ తొమ్మండుగురిలో మన కృష్ణా జిల్లా వాసి జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. 1954లోనూ, 1962లోనూ అదే కోర్టు అటువంటి హక్కు రాజ్యాంగంలో లేదన్నట్టు చెప్పిన మాటలను ఈ తీర్పు తోసిపుచ్చింది. అంతకు ముందే, 2010లో సెల్వి కేసులో, నిందితుడికైనా సరే అతని సమ్మతి లేకుండా నార్కో పరీక్ష చేయరాదని తేల్చారు.

ఆ గోప్యత ఎటువంటి అడ్డూ లేని హక్కని కోర్టు అనలేదు. దానిలో సర్కారు చేయిపెట్టాలంటే మూడు ఉండాలన్నది. ఒక చట్టం ఉండాలి. న్యాయమైన ప్రయోజనం ఉండాలి. ప్రయోజనానికి తగినంతే జోక్యం ఉండాలి, ఎలుకకోసం ఇల్లు తగలబెట్టరాదు. మా స్టాఫ్‌రూము తీర్మానాన్ని ఈ తూకంలో వేసి చూశాను. ప్రయోజనం న్యాయమైనదే, సందేహం లేదు. చట్టమో? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆద్యంతం వెదికినా, బడిపంతుళ్లు పిల్లల మూత్రం పట్టవచ్చునన్న మాట లేదు. ఇక మోతాదు: ఒక్క పొట్లానికి కాలేజీ కాలేజీనే నిందితుల వరుసలో నిలబెట్టడం.

మనకన్నా ముందు ఈ గొడవలో దిగినది అమెరికా. ఆరెగన్ రాష్ట్రంలో వెర్నోనియా అనే చిన్న ఊరిలో ఆటలాడే పిల్లలకు మూత్రపరీక్ష తప్పనిసరి చేశారు. ఏడో తరగతి చదివే జేమ్స్ ఆక్టన్ ఫుట్‌బాల్ ఆడాలనుకున్నాడు. అనుమానించడానికి ఏ కారణమూ లేకుండా పరీక్ష ఎందుకని అతని తలిదండ్రులు సంతకం పెట్టలేదు. 1995లో అక్కడి సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా బడి పక్షానే తీర్పు చెప్పింది. 2002లో ఒక్లహోమాలోని టెకమ్సె బడి సంగతి వచ్చింది. అక్కడ ఆటలే కాదు, పాటల బృందంలో ఉన్నా పరీక్షే. లిండ్సే ఎర్ల్స్ అనే విద్యార్థిని కేసు వేసింది. ఈసారి ఐదుగురు అటు, నలుగురు ఇటు. మళ్లీ బడే గెలిచింది.

అక్కడి కోర్టు ఒప్పుకున్నది కదా, మనమూ చేద్దామనేవారికి ఒక మాట. ఆ కేసులో అమ్మాయి పరీక్షలో ఏ మత్తూ కనబడలేదు. ఆమె తరఫున చెప్పిన గోడు వేరు: పిల్లలు వాడే మందుల జాబితా పాటల మాస్టరు చేతికి వచ్చి, ఇతర విద్యార్థులు చూసేచోట పడి ఉన్నదట. సముద్రాలకు ఆవల ఉన్న ఆ జాబితా సంగతి చదివినప్పుడు నాకు మా వరండాలో నిలబడ్డ పిల్ల గుర్తుకు వచ్చింది. ఆ పైన, ఇంతా చేసి ఒరిగినదేమిటి? 2003లో మిచిగన్ విశ్వవిద్యాలయం వారు ఏడువందలకు పైగా బడులను పోల్చి చూస్తే, పరీక్షలు పెట్టిన బడులకూ పెట్టని బడులకూ పిల్లల మత్తు వాడకంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమే, ఇది పనిచేస్తుందనడానికి తగిన రుజువు లేదని చెప్పి, బడుల్లో ఇటువంటి పరీక్షలను విరివిగా పెట్టడాన్ని వ్యతిరేకించింది.

"గోప్యత" అనేది దొరబాబుల మాట అనీ, మన పల్లెలకు పట్టదనీ కొందరంటారు. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ని గనుక ఒక్కమాట మనవి చేస్తాను. మనకు "గుట్టు" అన్న మాట ఉన్నది. గుట్టుగా సంసారం చేసుకునేవాళ్లని మెచ్చుకుంటాం. ఇంటి గుట్టు లంకకు చేటు అని సామెత చెబుతాం. పెద్దల గుట్టు గౌరవమైనప్పుడు, పిల్లల గుట్టు దొంగతనమెలా అయింది? భారతదేశం 1992లో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల గోప్యతను కాపాడమంటుంది. 33వ అధికరణం పిల్లలను మాదకద్రవ్యాలనుంచి కాపాడమంటుంది. రెండూ ఒకే పత్రంలో ఉన్నాయి. ఒకదాన్ని చింపి రెండోదాన్ని చదవమని ఎక్కడా రాయలేదు.

తరువాతి సమావేశంలో నేను లేచి, "ఎత్తిన చెయ్యి దించుకుంటున్నాను" అన్నాను. పిల్ల సంగతి చెప్పలేదు. గసగసాల సంగతి, కల్లు సంగతి, గీత సంగతి చెప్పాను. ప్రతి పిల్లవాడూ గోడచాటుకు పోతే, సీసాలో నీళ్లు పోయకుండా చూడడానికి మనలో ఎవరు వెనుక నిలబడతారో, ఆడపిల్లల వెనుక ఎవరు నిలబడతారో చెప్పండన్నాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పని చేస్తామని ఎవరూ ముందుకు రాలేదు.

కాని ఒక తండ్రి అడిగిన ప్రశ్న నన్ను ఇరుకున పెట్టింది. "అన్నీ మంచిగనే జెప్తున్నరు సారూ. మరి నా కొడుకు నిజంగనే తాగుతుండనుకో. నేను పొద్దున చేనుకు వోతె మాపటికొస్త. నాకెట్ల ఎరుకైతది? మీరు గూడ చూడకపోతె వాని గతేంది?"

ఇది పక్కన పెట్టదగిన ప్రశ్న కాదు. పరీక్ష వద్దని చేతులు దులుపుకుంటే, ఆ తండ్రిని ఒంటరిగా వదిలేసినట్టే. అందుకని ఆ రోజు మేము కలిసి కొన్ని నిర్ణయాలు చేసుకున్నాం. గుంపు పరీక్ష లేదు. ఎవరైనా పిల్లవాడు క్లాసులకు రాకపోయినా, కళ్లు తేలేస్తున్నా, ఉన్నట్టుండి డబ్బులు అడుగుతున్నా, ముందు వాడితో ఒక్కరు, వాడికి ఇష్టమైన లెక్చరరు, ఒంటరిగా మాట్లాడాలి. పరీక్ష కావాలని తోస్తే తలిదండ్రులకు చెప్పి, పిల్లవాడు ఒప్పుకుంటే డాక్టరు దగ్గరే చేయించాలి. కిట్టు ఉన్నదన్నంత మాత్రాన నమ్మక, ప్రయోగశాలలో ఖాయం చేసుకోవాలి. ఫలితం డాక్టరుకూ, పిల్లవాడికీ, తలిదండ్రులకూ తప్ప నోటీసుబోర్డుకు తెలియరాదు. పేరు పోలీసు స్టేషనుకు కాక చికిత్సకు పోవాలి.

చట్టం కూడా ఈ దారికి అడ్డం రాదు. మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షను ఉన్నది. అలవాటుపడినవాడు తనంత తానుగా గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు చేరితే, వాడకం నేరానికీ, కొద్దిపాటి పదార్థం దగ్గరున్న నేరానికీ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఇక శిక్ష పడవలసింది ఎవరికంటే, 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షను చూడండి. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవాడికి ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. అదే చట్టం 74వ సెక్షను, కేసులో ఉన్న పిల్లవాడెవరో తెలిసేటట్టు పత్రికల్లో రాయడమే నేరమంటుంది. చట్టం కోపం అమ్మినవాడిమీద. దాని జాలి పిల్లవాడిమీద. మేము ఆ రెంటినీ తారుమారు చేయబోయాం.

మత్తు మానాలనుకునేవారికి సర్కారువారు పెట్టిన ఫోను నంబరు ఒకటున్నది: 14446. పైసా ఖర్చు లేదు. ఆ నంబరును నల్లబల్లమీద పెద్ద అక్షరాలతో రాయించాం.

పదిరోజుల తరువాత బస్‌స్టాండులో నిలబడి ఉంటే, మొదటి సమావేశంలో గట్టిగా వంతపాడిన నలుగురైదుగురిలో ఒకాయన దగ్గరికి వచ్చాడు. మంచీచెడ్డా అడిగాడు. వానల సంగతి మాట్లాడాడు. బస్సు వచ్చింది, ఎక్కలేదు. అందరూ ఎక్కి బస్సు కదిలిన తరువాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఆ నంబరు ఒకపారి చెప్పుండ్రి సారూ" అన్నాడు. కాగితం మీద రాసి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాడు.

"ఇది పేపర్ల రాసుకోవచ్చునా?" అని తరువాత అడిగితే, "రాయుండ్రి. పదిమందికి పనికొస్తది. పేరు మాత్రం వద్దు" అన్నాడు.

ఆ రోజు వెళ్లబోతూ మాత్రం వెనక్కి తిరిగి ఒకే మాట అన్నాడు.

"ఎవ్వరికీ చెప్పకుండ్రి సారూ. పిల్లగాని బతుకు."